జార్జ్ విలియం హిల్

జార్జ్ విలియం హిల్ (మార్చి 3, 1838 - ఏప్రిల్ 16, 1914) సుప్రసిద్ధ అమెరికా ఖగోళ శాస్త్రవేత్త, గణితవేత్త. చంద్రుని గమనమును లెక్కించుటకు 1878లో ఈయన ప్రచురించిన సమీకరణాలు, ఎనిమిది దశాబ్దాల తరువాత వ్యోమనౌకలను జతగా నడిపే విద్యకు పునాది అయినవి.

బాల్యము, విద్య

హిల్ న్యూయార్క్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ విలియం హిల్ చిత్రకారుడు. హిల్ బాల్యంలోనే వీరి కుటుంబము అదే రాష్ట్రములోని వెస్ట్ నయాక్ కు తరలి వెళ్ళినది. రట్గర్స్ కళాశాలలో ఆచార్య థియోడర్ స్ట్రాంగ్ వద్ద గణితము అభ్యసించి 1859లో పట్టభద్రుడయ్యాడు.

ఉద్యోగము

1861లో మసాచుసెట్స్ లోని కేంబ్రిడ్జిలో ఉన్న నాటికల్ ఆల్మనాక్ కార్యాలయంలో చేరాడు. నావికులకు అవసరమైన సూర్య, చంద్ర, గ్రహ స్థానాలను ముందుగా గణించి ప్రచురించుట ఆ కార్యాలయపు పని. తరువాత ఇంటినుండే పనిచేయుటకు అనుమతి లభించడంతో వెస్ట్ నయాక్ లోనే ఉండి పరిశోధనలు సాగించాడు. 1882 నుండి 1892 వరకు వాషింగ్టన్ లో నివసించి, సైమన్ న్యూకాంబ్ ఆధ్వర్యంలో గురు, శని గ్రహాల గమన సిద్ధాంతాన్ని పూర్తిచేశాడు.

చంద్ర సిద్ధాంతము

పూర్వపు గణితవేత్తలు చంద్రుని కక్ష్యను దీర్ఘవృత్తముగా తీసుకొని, సూర్యుని ప్రభావాన్ని సవరణలుగా కలిపేవారు. ఈ పద్ధతిలో భూసమీప బిందువు కదలిక మొదటి ఉజ్జాయింపులో సుమారు సగమే వచ్చేది. హిల్ మార్గము వేరు. భూమిని కేంద్రముగా, ఒక అక్షము ఎల్లప్పుడు సూర్యుని వైపు ఉండునట్లు తిరిగే నిరూపకాక్షాలను ఎన్నుకొని, సూర్యుని ప్రభావాన్ని మొదటి మెట్టులోనే చేర్చాడు. 1877లో భూసమీప బిందువు కదలికను సాధించుటకు అనంత నిర్ధారకమును ప్రయోగించాడు. దాని అభిసరణము అప్పటికి నిరూపితము కాలేదు. 1886లో ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పాయింకారే నిరూపించాడు.

వ్యోమనౌకల జంట గమనము

హిల్ సమీకరణాలలో సూర్యుని స్థానంలో భూమిని, భూమి స్థానంలో ఒక ఉపగ్రహాన్ని, చంద్రుని స్థానంలో రెండవ ఉపగ్రహాన్ని ఉంచవచ్చును. ఉపగ్రహాల పరస్పరాకర్షణ అత్యల్పము గనుక ఆ పదమును విడిచిపెట్టవచ్చును. వృత్తాకార కక్ష్యకు, స్వల్ప దూరాలకు వర్తించే ఈ సరళ రూపాన్ని 1960లో క్లోహెసీ, విల్ట్ షైర్ ప్రచురించారు. అందువలన దీనికి హిల్ - క్లోహెసీ - విల్ట్ షైర్ సమీకరణాలని పేరు.

వీటి ప్రకారము రెండు కక్ష్యల పరిభ్రమణ కాలము సమానమైతే, మొదటి నౌకనుండి చూచినపుడు రెండవది కక్ష్యాతలంలో ఒక దీర్ఘవృత్తముపై తిరుగును. దాని పొడవు వెడల్పుకు రెట్టింపు. రెండవ నౌక కక్ష్య సగటున 100 మీటర్లు ఎత్తుగా ఉన్నచో అది ప్రతి ప్రదక్షిణకు సుమారు 940 మీటర్లు వెనుకబడును. భూమి మధ్యభాగపు ఉబ్బు, పలుచని వాతావరణ నిరోధము కూడా జతను చెదరగొట్టును గనుక చిన్న రాకెట్ యంత్రాలతో అప్పుడప్పుడు సరిదిద్దుతారు. 2010నుండి జతగా ఎగిరిన జర్మనీ వారి టెర్రాసార్-ఎక్స్, టాన్ డెమ్-ఎక్స్ ఉపగ్రహాలు ఈ విద్యకు ఉదాహరణ. ఆంధ్ర ప్రదేశ్ లోని శ్రీహరికోటనుండి 2024 డిసెంబరు 30న ప్రయోగించిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న అంతరిక్షంలో అనుసంధానమైనవి.

పురస్కారాలు, చివరి దినములు

హిల్ కు 1887లో రాయల్ ఆస్ట్రోనామికల్ సొసైటీ స్వర్ణపతకము, 1909లో కాప్లీ పతకము లభించినవి. 1895-96లలో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీకి అధ్యక్షుడుగా పనిచేశాడు. 1898నుండి 1901 వరకు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉపన్యసించి, ధనము అవసరము లేదని వేతనాన్ని తిరిగి ఇచ్చివేశాడు. ఈయన రచనలను కార్నెగీ సంస్థ 1905-07 మధ్య నాలుగు సంపుటాలుగా ప్రచురించగా పాయింకారే పీఠిక వ్రాశాడు. అవివాహితుడైన హిల్ 1914లో వెస్ట్ నయాక్ లో మరణించాడు. మానవ నిర్మిత ఉపగ్రహము మొదటిసారి కక్ష్యను చేరినది ఆ తరువాత 43 సంవత్సరాలకు, 1957లో.