అడవి ఎవరి పక్షం? ఫ్రెడ్డీ చాప్‌మన్ కథ

మాది దేవరకొండ. ఏడు గుట్టల మధ్య పద్మనాయకులు కట్టిన కోట మా ఊరికి గుర్తు. బయటి వాళ్లకి అది హిస్టరీ, మాకు మాత్రం ఆదివారం టైంపాస్. పోయిన ఎండాకాలం సెలవుల్లో నేనూ, ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కోట ఎక్కాం. దిగేటప్పుడు మామూలు దారి వదిలేసి వెనక గుట్ట మీంచి షార్ట్‌కట్ కొడదాం అనుకున్నాం. అరగంటలో కిందుంటామని లెక్క. రెండు గంటలైనా ముళ్లకంపలోనే తిరుగుతున్నాం. సిగ్నల్ లేదు, బాటిల్‌లో నీళ్లు లేవు. ఊరు కింద కనిపిస్తూనే ఉంది, కానీ దారి మాత్రం దొరకట్లేదు. మాలో ఒకడికి ఏడుపొక్కటే తక్కువ.

చివరికి మేకలు కాస్తున్న ఒక తాత కనిపించాడు. మమ్మల్ని చూసి నవ్వి, మేకలు నడిచిన బాట చూపించి, తన సీసాలో నీళ్లు ఇచ్చాడు. పది నిమిషాల్లో కిందున్నాం. అదే గుట్ట, అదే ఎండ. మాకు చావు కనిపించిన చోట ఆ తాత రోజూ సద్ది తింటాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, సెమిస్టర్ ఎగ్జామ్స్ ముందు చదవాల్సింది వదిలేసి వేరేవి చదివే నా అలవాటు ప్రకారం, ఫ్రెడ్డీ స్పెన్సర్ చాప్‌మన్ గురించి చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా అడవుల్లో జపాన్ సైన్యం వెనకాల మూడేళ్లకు పైగా బతికిన బ్రిటిష్ కమాండో. యుద్ధం అయ్యాక తుపాకీ పక్కన పెట్టి, పిల్లల్ని కొండల్లోకి, సముద్రంలోకి పంపించే పని మొదలుపెట్టాడు. ఆయన కథ మా షార్ట్‌కట్ కథకి పెద్దన్న లాంటిది. అందుకే ఈ సంచికకి ఇది రాస్తున్నాను.

అమ్మా నాన్నా లేని పిల్లాడు

చాప్‌మన్ 1907 మే 16న లండన్‌లో పుట్టాడు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి చనిపోయింది. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో సోమ్ యుద్ధభూమిలో ప్రాణాలు వదిలాడు. అన్ననీ, ఇతన్నీ ఒక ముసలి పాస్టర్ దంపతులు పెంచారు. వాళ్లుండేది ఇంగ్లండ్ ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ దగ్గర పల్లెలో. చుట్టూ కొండలు, చెరువులు. చెప్పేవాళ్లు తక్కువ, తిరిగే చోటు ఎక్కువ. పక్షుల్ని, పువ్వుల్ని, నత్తల్ని చూసుకుంటూ పెరిగాడు. తర్వాత సెడ్‌బర్గ్ స్కూల్, అక్కణ్నుంచి కేంబ్రిడ్జ్. కేంబ్రిడ్జ్‌లో హిస్టరీ, ఇంగ్లిష్ చదివాడు గానీ మనసంతా కొండలెక్కడం మీదే. మనలో సగం మంది లాగే, బ్రాంచ్ ఒకటి, ఇంటరెస్ట్ ఇంకొకటి.

1930లో జినో వాట్కిన్స్ అనే 23 ఏళ్ల కుర్రాడు గ్రీన్‌లాండ్‌కి ఒక బృందాన్ని తీసుకెళ్లాడు. యూరప్ నుంచి అమెరికాకి ఉత్తరం మీదుగా విమానాలు నడపొచ్చా అని చూడటం వాళ్ల పని. చాప్‌మన్ ఆ బృందంలో ఉన్నాడు. మంచు పీఠభూమి మధ్యలో పెట్టిన వాతావరణ కేంద్రంలో ఆగస్టిన్ కోర్టాల్డ్ అనే సభ్యుడు చలికాలమంతా ఒక్కడే ఉండిపోయాడు. డేరా మొత్తం మంచు కింద కూరుకుపోయింది. 1931 మే నెలలో అతన్ని వెతికి బయటికి తీసిన ముగ్గురిలో చాప్‌మన్ ఒకడు. అక్కడే కుక్కబండి తోలడం, కయాక్ నడపడం, స్థానికుల భాష నేర్చుకున్నాడు. తర్వాతి ఏడాది మళ్లీ వెళ్లినప్పుడు వాట్కిన్స్ కయాక్‌లో వేటకు పోయి తిరిగి రాలేదు. అప్పటికి అతనికి పాతికేళ్లు. చాప్‌మన్ ఆ ప్రయాణం మీద పుస్తకం రాశాడు.

1936లో బేసిల్ గౌల్డ్ అనే అధికారి వెంట లాసాకి వెళ్లి ఆ చలికాలమంతా అక్కడే ఉన్నాడు. 1937 మే 21న భూటాన్, టిబెట్ సరిహద్దులో 7,300 మీటర్లకు పైగా ఎత్తున్న చోమోల్హరి శిఖరాన్ని పసంగ్ దావా లామా అనే షెర్పాతో కలిసి మొదటిసారి ఎక్కాడు. ఎక్కడం కన్నా దిగడమే కష్టమైంది. ఇద్దరూ తాడుతో సహా వాలు మీద జారిపోయారు. చాప్‌మన్ మంచుగొడ్డలిని గుచ్చి ఎలాగో ఆపాడు. తిండి అయిపోయింది, తుఫాను. రోజుల తరబడి పాక్కుంటూ దిగారు. ఆ శిఖరం మీద మళ్లీ మనిషి కాలు పడింది 1970లో, నరేంద్ర కుమార్ నాయకత్వంలో వెళ్లిన భారత, భూటాన్ బృందంతో.

మలయాలో మూడేళ్లు

యుద్ధానికి కాస్త ముందు చాప్‌మన్ స్కాట్లండ్‌లో గోర్డన్‌స్టన్ స్కూల్లో టీచర్‌గా చేశాడు. ఆ స్కూల్ పెట్టింది కర్ట్ హాన్ అనే జర్మన్ యూదుడు. హిట్లర్‌ని ఎదిరించి దేశం వదిలి వచ్చినవాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

యుద్ధం మొదలయ్యాక ఆర్మీ అతన్ని కమాండోలకి కొండల్లో, అడవుల్లో బతకడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని చేసింది. స్కాట్లండ్‌లో, తర్వాత ఆస్ట్రేలియాలో, 1941లో సింగపూర్‌లో 101 స్పెషల్ ట్రైనింగ్ స్కూల్లో. జపాన్ దాడి చేస్తే వెనకాల ఉండిపోయి దెబ్బకొట్టడానికి చిన్న చిన్న దళాలు రెడీ చేద్దామన్న ప్లాన్‌ని పైవాళ్లు మొదట ఒప్పుకోలేదు. 1941 డిసెంబర్‌లో జపాన్ నిజంగానే దిగాక హడావుడిగా ఒప్పుకున్నారు. డెడ్‌లైన్ రోజు రాత్రి ప్రాజెక్ట్ మొదలుపెట్టినట్టు.

1942 ఫిబ్రవరిలో చాప్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి రెండు వారాల పాటు ప్రతి రాత్రీ బయటికొచ్చి రైలు పట్టాలు, వంతెనలు, లారీలు పేల్చేశారు. ఒళ్లంతా రంగు పూసుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, రబ్బరు తోటల్లో పనిచేసే దక్షిణ భారత కూలీల్లా వేషం వేసుకునేవాళ్లు. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆ తోటల్లో నిజంగా మనవాళ్లున్నారు. విశాఖ, గోదావరి వైపు నుంచి వెళ్లిన తెలుగు కూలీలు పెరాక్ రాష్ట్రంలో, ముఖ్యంగా బాగన్ దాతో వైపు, కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లు. జపాన్ కాలంలో తమిళులతో పాటు తెలుగువాళ్లని కూడా సయాం బర్మా రైలు మార్గం పనికి తోలుకుపోయారు. అందులో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల పేర్ల మీద పుస్తకాలు లేవు. చాప్‌మన్‌కి వేషమైంది వాళ్లకి బతుకు.

చాప్‌మన్ లెక్క ప్రకారం ఆ రెండు వారాల్లో వాళ్లు దాదాపు 60 చోట్ల పట్టాలు కోశారు, 15 వంతెనలు పాడుచేశారు. ఇదంతా ముగ్గురు చేసిన పని అని తెలియక జపాన్ వాళ్లు పెద్ద దళమే ఉందనుకుని వెతికారు. ఇంతలో ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. తిరిగి వెళ్లడానికి సొంత సైన్యమే లేదు. వెనకాల ఉండిపోయిన వాళ్లలో చాలామంది పట్టుబడ్డారు, లేదా జబ్బుతో పోయారు. చాప్‌మన్ చైనీస్ కమ్యూనిస్టు గెరిల్లాల క్యాంపులకి చేరి, వాళ్లకి ఆయుధాలు, పేలుడు పదార్థాలు వాడటం నేర్పుతూ ఉండిపోయాడు.

మలేరియా, విరేచనాలు, పుండ్లు, జలగలు. ఒకసారి జ్వరంతో 17 రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. 1944లో జపాన్ వాళ్లకి దొరికాడు. ఆ రాత్రే డేరా కింద నుంచి జారుకుని తప్పించుకున్నాడు. బ్రిటిష్ ఆర్మీ అతను చనిపోయి ఉంటాడనే అనుకుంది. మూడేళ్లూ డైరీ రాయడం, పక్షుల్ని గమనించడం మానలేదు. 1943 క్రిస్మస్ రోజున, జలాంతర్గాముల్లో వచ్చిన ఫోర్స్ 136 అధికారులు జాన్ డేవిస్, రిచర్డ్ బ్రూమ్‌ల దగ్గరికి చేరాడు. 1945 మేలో పంగ్‌కోర్ దీవి దగ్గర జలాంతర్గామి ఎక్కి బయటపడ్డాడు.

ఆ అడవిలో అతను గమనించింది ఒకటుంది. దారి తప్పి అడవిలో మిగిలిపోయిన బ్రిటిష్ సిపాయిల్లో వయసులో ఉన్నవాళ్లు, గట్టివాళ్లు కొన్ని నెలల్లోనే చనిపోయారు. రోగం కన్నా ముందు భయం, నిరాశ వాళ్లని తిన్నాయి. ప్రతి ఆకులో విషం, ప్రతి పొదలో పాము ఉందనుకున్నారు. కొందరేమో చెట్టు నుంచి అరటిపండ్లు వాటంతట అవే రాలతాయనుకున్నారు. రెండూ తప్పే. అడవికి మన మీద పగా లేదు, ప్రేమా లేదు. నీళ్లు, నీడ, తిండి అక్కడే ఉన్నాయి, రోగాలూ అక్కడే ఉన్నాయి. తేడా మనిషి తలలో ఉంటుందని అతను తేల్చాడు. 1949లో వచ్చిన 'ద జంగిల్ ఈజ్ న్యూట్రల్' పుస్తకానికి ఆ పేరు అలా వచ్చింది.

తుపాకీ పెట్టేశాక

యుద్ధం నుంచి బయటికొచ్చాడు. ఒంటి మీద రెండు డీఎస్ఓ పతకాలు, ఒంట్లో నానా జబ్బులు. 1946లో ఫెయిత్ అనే ఆమెని పెళ్లి చేసుకున్నాడు. రైలు పేల్చడం తెలిసినవాడికి సివిల్ జాబ్‌లో రెజ్యూమే ఎలా ఉంటుంది?

ఇక్కడ కర్ట్ హాన్ మళ్లీ వస్తాడు. యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ సరుకు ఓడల్ని ముంచుతుంటే, లైఫ్‌బోట్లలో పడ్డ కుర్ర నావికులు త్వరగా చనిపోతున్నారని, వయసు మళ్లినవాళ్లు తట్టుకుంటున్నారని ఓడల కంపెనీ యజమాని లారెన్స్ హోల్ట్ గమనించాడు. బలం సరిపోవట్లేదు, అనుభవం కావాలి. దాంతో హాన్, హోల్ట్ కలిసి 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో ఒక స్కూల్ పెట్టారు. పేరు అవుట్‌వర్డ్ బౌండ్. దాదాపు నెల రోజుల పాటు కుర్రాళ్లని పడవల్లో, కొండల్లో తిప్పేవాళ్లు. చాప్‌మన్ అడవిలో కనిపెట్టింది, హోల్ట్ సముద్రం మీద కనిపెట్టింది ఒకటే. 1946లో ఆ పని దేశమంతా చెయ్యడానికి ట్రస్ట్ పెట్టినప్పుడు దాన్ని నడిపే కార్యదర్శిగా చాప్‌మన్ చేరాడు. సైనికుల్ని తయారుచేసిన చదువుని మామూలు పిల్లలకి తెచ్చే పని అది. ఫ్యాక్టరీ అప్రెంటిస్‌లు, స్కూల్ పిల్లలు ఒకే తాడు పట్టుకుని కొండెక్కేవాళ్లు.

1950ల మధ్యలో మలయాలో కూడా అవుట్‌వర్డ్ బౌండ్ స్కూల్ వచ్చింది. ఎక్కడో తెలుసా? లుముట్‌లో. చాప్‌మన్ జలాంతర్గామి ఎక్కిన పంగ్‌కోర్ దీవికి ఎదురుగా ఉన్న ఒడ్డు.

అతను ఒక్కచోట ఉండే మనిషి కాదు. 1948లో జర్మనీలోని ప్లోన్‌లో బ్రిటిష్ సైనికుల పిల్లల స్కూల్‌కి హెడ్‌మాస్టర్ అయ్యాడు. తర్వాత భార్యనీ, ముగ్గురు కొడుకుల్నీ వెంటేసుకుని వ్యాన్‌లో ఆఫ్రికా అంతా తిరిగాడు. 1956 నుంచి 1961 దాకా దక్షిణాఫ్రికాలోని గ్రాహమ్స్‌టౌన్‌లో హెడ్‌మాస్టర్. 1962లో ఇంగ్లండ్‌లోని పెస్టలోజీ పిల్లల గ్రామానికి వార్డెన్. దిక్కులేని పిల్లల కోసం పెట్టిన ఊరు అది. 1963లో అక్కడికి టిబెటన్ శరణార్థి పిల్లలు వచ్చారు. పాతికేళ్ల కింద లాసా చూసినవాడు, అమ్మా నాన్నా లేకుండా పెరిగినవాడు, ఆ పిల్లలకి గార్డియన్ అయ్యాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, రైళ్లు పేల్చడం కాదు.

చివరి ఉద్యోగం మనకి బాగా తెలిసిన పోస్ట్. 1966 నుంచి రీడింగ్ యూనివర్సిటీలో వాంటేజ్ హాల్‌కి, అంటే స్టూడెంట్స్ హాస్టల్‌కి, వార్డెన్.

అక్కడే 1971 ఆగస్టు 8న, 64 ఏళ్ల వయసులో, తన ప్రాణం తానే తీసుకున్నాడు. వెన్నునొప్పి, తలనొప్పులు, కడుపు జబ్బు ఏళ్లుగా వదల్లేదు. తనకి సేవ చేస్తూ భార్య మిగతా జీవితం గడపాల్సి వస్తుందని బాధపడ్డాడు.

ఈ ముగింపు రాయకుండా వదిలేద్దామా అని చాలా ఆలోచించాను. మనసు గట్టిగా ఉంటే బతకొచ్చు అని లోకానికి చెప్పినవాడే ఇలా వెళ్లిపోతే, చెప్పిందంతా అబద్ధమా? కాదనుకుంటున్నాను. కానీ అది సగమే. అడవిలో అతన్ని బతికించింది ధైర్యం ఒక్కటే కాదు. జ్వరంలో కాపాడింది గెరిల్లాలు. ప్రాణాలకి తెగించి బియ్యం మోసుకొచ్చింది చైనీస్ పల్లెవాళ్లు. దారి చూపించింది ఆ అడవిలోనే పుట్టిన ఆదివాసులు, మన నల్లమల చెంచుల్లాంటి వాళ్లు. అప్పుడు అందరి మీదా ఆధారపడ్డాడు, అది అతనికి సిగ్గుగా అనిపించలేదు. హాస్టల్ నిండా మనుషులున్న చోట మాత్రం తను భారం అనుకున్నాడు. ఆ లెక్క తప్పింది.

మన జిల్లా వైపే భువనగిరి గుట్ట దగ్గర రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట రాయి పట్టుకోవడం నేర్చుకుంది అక్కడే. చాప్‌మన్ లాంటివాళ్లు మొదలుపెట్టిన ఆలోచన తిరిగి తిరిగి మన రాళ్ల దాకా వచ్చింది. సెలవుల్లో వెళ్లి చూడండి. మొదట నేర్పేది తాడు ముడి. ఆ తాడు రెండో కొస ఇంకో మనిషి చేతిలో ఉంటుంది.

బ్యాక్‌లాగ్స్, ప్లేస్‌మెంట్స్, ఇంటి దగ్గర అప్పులు... మనలో ఎవరి గుట్ట వాళ్లకి ఉంది. దారి తప్పితే అరవండి. ఫ్రెండ్‌ని లేపండి, వార్డెన్ తలుపు కొట్టండి, ఎవరూ లేరనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఆ రోజు మేకల తాతని కేకేసి పిలవడానికి మేం ముగ్గురం కాసేపు మొహమాటపడ్డాం. ఇంజినీరింగ్ చదివేవాళ్లం, సొంత ఊళ్లో దారి అడగడమేంటని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.