రాత్రి బండిని ఫోటో తీసిన మనిషి – ఓ. విన్‌స్టన్ లింక్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు అడిగారు. దేశ నాయకుల గురించీ, కవుల గురించీ రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిందల్లా ఇంజను. 1966లో షెడ్డులో క్లీనరుగా చేరి, ఫైర్‌మన్‌గా బొగ్గు వేసి, డ్రైవరునై రిటైరైనవాణ్ణి. అందుచేత స్టీము ఇంజన్లనూ వాటిని నడిపిన మనుషులనూ ఫోటోలలో నిలబెట్టిన ఒక అమెరికా దేశస్థుని గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఓ. విన్‌స్టన్ లింక్.

ఆయన 2001లోనే కన్నుమూశారు. నాకు ఆయన పేరు తెలిసింది ఆ తరువాతనే. మా అబ్బాయి వర్జీనియా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నన్నూ మా ఆవిడనూ రోనోక్ అనే ఊరికి తీసుకువెళ్లాడు. అక్కడ పాత రైల్వే స్టేషనులో లింక్ ఫోటోలతో ఒక మ్యూజియం ఉంది. రాత్రిపూట షెడ్డులో ఇద్దరు మనుషులు ఒక పెద్ద ఇంజనును కడుగుతున్న ఫోటో ముందు నేను ఆగిపోయాను. 1955లో అక్కడి షాఫర్స్ క్రాసింగ్ షెడ్డులో తీసినది. గొట్టంలోంచి వచ్చే ధార, చుట్టూ లేచే తెల్లని ఆవిరి, ఆ మనుషుల నిలకడ చూస్తే నా ఒంటికి మళ్లీ నూనె వాసన అంటినట్టయింది. మా ఆవిడ రెండుసార్లు పిలిస్తే గాని కదల్లేదు.

బాల్యం, చదువు

లింక్ 1914 డిసెంబరు 16న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. తండ్రి ప్రభుత్వ పాఠశాలలో వడ్రంగం వంటి చేతిపనులు నేర్పే ఉపాధ్యాయుడు. కొడుకుకు ఫోటోగ్రఫీ మీద ఆసక్తి కలిగించింది ఆయనే. హైస్కూలు రోజుల్లోనే లింక్ ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరును సొంతంగా తయారు చేసుకున్నారు. బ్రూక్లిన్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1937లో పట్టా పుచ్చుకున్నారు.

ఇంజనీరుగా చేరవలసినవాడు ఫోటోగ్రాఫరయ్యారు. కాలేజీ పత్రికకు ఫోటోలు చూసే బాధ్యత ఆయనదే. పత్రిక విందులో ఆయన చేసిన ప్రసంగం ఒక ప్రచార సంస్థ అధికారికి నచ్చింది. ఆ సంస్థ ఆయనకు ఫోటోగ్రాఫరు ఉద్యోగం ఇచ్చింది. అక్కడ 1942 వరకు పనిచేశారు. చిన్నప్పటి జబ్బువల్ల వినికిడి తగ్గడంతో రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయనను సైన్యంలోకి తీసుకోలేదు. బదులుగా నీటి అడుగున దాగిన జలాంతర్గాములను విమానం నుంచి కనిపెట్టే సాధనం మీద పరిశోధన చేస్తున్న ప్రయోగశాలలో పనిచేశారు. ఆ ప్రయోగశాల రైలు మార్గం పక్కనే ఉండేది. చిన్ననాటి రైళ్ల మోజు అక్కడ మళ్లీ చిగురించింది. యుద్ధం ముగిశాక 1946లో న్యూయార్క్‌లో సొంత స్టూడియో పెట్టి, పెద్ద కంపెనీల ప్రకటనలకు ఫోటోలు తీస్తూ స్థిరపడ్డారు.

నలభై ఏళ్లకు వచ్చిన పిలుపు

1955 జనవరిలో ఎయిర్ కండిషనర్ల ప్రకటన పనిమీద వర్జీనియాలోని స్టాంటన్ అనే ఊరికి వెళ్లారు. దగ్గరలోని వేన్స్‌బరో మీదుగా నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వెళుతుందని ఆయనకు తెలుసు. ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి స్టేషనులో నిలబడ్డారు. అప్పటికే అమెరికాలో చాలా రైల్వేలు డీజిలుకు మారిపోయాయి. ఈ ఒక్క పెద్ద రైల్వే మాత్రం స్టీమునే నమ్ముకుని ఉంది. అది బొగ్గు గనుల ప్రాంతంలో నడిచే రైల్వే. దాని ఆదాయమే బొగ్గు రవాణా. తన ఇంజన్లను రోనోక్‌లోని సొంత వర్క్‌షాపులోనే కట్టుకునేది. 1953 దాకా అక్కడ కొత్త స్టీము ఇంజన్లు తయారయ్యాయి.

లింక్ మర్నాడు రాత్రి మళ్లీ వచ్చి, జనవరి 21న మొదటి రాత్రి ఫోటో తీశారు. ఆ రైల్వేను ఫోటోలలో నమోదు చేస్తానని యాజమాన్యానికి రాస్తే వారు అనుమతించి సహకరించారు. అదే సంవత్సరం మే నెలలో ఆ రైల్వే కూడా డీజిళ్లు తెస్తున్నట్టు ప్రకటించింది. ఇక సమయం లేదని లింక్‌కు అర్థమైంది. 1960 మే నెలలో ఆఖరి స్టీము ఇంజను ఆగే వరకు ఇరవై సార్లు వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్, నార్త్ కరోలినా రాష్ట్రాలకు వెళ్లివచ్చి, సుమారు 2,400 నెగెటివ్‌లు సంపాదించారు. ఈ పనికి ఎవరూ జీతం ఇవ్వలేదు. స్టూడియో సంపాదనలోంచి సొంత డబ్బు ఖర్చు పెట్టుకున్నారు.

రాత్రి ఎందుకు?

రైల్వే ఫోటోలు తీసేవారు సాధారణంగా మంచి ఎండ చూసుకుని, వీపు మీద సూర్యుడు ఉండేలా నిలబడతారు. లింక్ ఆలోచన వేరు. సూర్యుడు తన చెప్పుచేతల్లో ఉండడు. పట్టాలనూ జరపలేరు. చీకట్లో అయితే వెలుగు ఎక్కడ పడాలో, ఏది కనపడాలో, ఏది కనపడకూడదో తానే నిర్ణయించవచ్చు. పైగా పగలు బూడిదరంగులో కలిసిపోయే ఆవిరి రాత్రి నల్లని ఆకాశం మీద వెన్నముద్దలా తెల్లగా కనబడుతుంది.

ఇందుకు ఆయన పడిన శ్రమ అంతా ఇంజనీరు శ్రమ. పగలు ఆ చోటుకు వెళ్లి కొలతలు వేసుకునేవారు. ఇంజను సరిగ్గా ఎక్కడికి వచ్చినప్పుడు ఫోటో తీయాలో కాగితం మీద గీసుకునేవారు. ఆ రోజుల్లో ఫ్లాష్ బల్బు ఒకసారి వెలిగితే కాలిపోయేది. అలాంటి బల్బులను పదులకొద్దీ రిఫ్లెక్టర్లలో అమర్చి, స్తంభాలకూ గోడలకూ కట్టి, పొడవాటి వైర్లతో అన్నిటినీ తాను తయారు చేసుకున్న పవర్ సప్లయికి కలిపేవారు. కెమెరా షట్టరు, బల్బులు అన్నీ ఒకే క్షణంలో పనిచేయాలి. ఒక వైరు ఊడినా ఆ రాత్రి శ్రమ మట్టిపాలు. బండి వెళ్లిపోయాక మళ్లీ రమ్మంటే రాదు కదా! సహాయకుడు ఒకరిద్దరితో గంటల తరబడి ఈ ఏర్పాట్లు చేసుకుని, ఆలస్యమైన బండి కోసం చలిలో కాచుకునేవారు. రన్నింగ్ డ్యూటీ చేసినవారికి ఈ కాచుకోవడం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

పేరుపొందిన కొన్ని ఫోటోలు

అన్నిటికంటె ప్రసిద్ధమైనది 1956 ఆగస్టు 2న వెస్ట్ వర్జీనియాలోని యాగర్ అనే ఊళ్లో తీసిన ఫోటో. అక్కడ ఆరుబయట కార్లలో కూర్చుని సినిమా చూసే ఏర్పాటు ఉంది. మన టూరింగ్ టాకీసు వంటిదే, నేల టిక్కెట్టు బదులు కారు. తెరమీద విమానం ఎగురుతోంది, ముందు కారులో ఒక యువజంట కూర్చుని ఉంది, వెనుకనుంచి గూడ్సు బండిని లాగుతూ పెద్ద ఇంజను పొగలు కక్కుతూ దూసుకుపోతోంది. దీనికి 43 బల్బులు వెలిగించారు. ఆ వెలుగుకు తెరమీద బొమ్మ చెరిగిపోతుంది గనుక, విమానం దృశ్యాన్ని వేరే నెగెటివ్ నుంచి తరువాత కలిపారు. ఆ విషయం ఆయన దాచుకోలేదు.

ఈ ఫోటోలలో చాలా భాగం ముందుగా ఏర్పాటు చేసుకున్నవే. మనుషులను ఫలానా చోట కూర్చోమనీ, ఫలానా వైపు చూడమనీ చెప్పి తీసినవి. ఇది నిజమైన నమోదేనా అని నాకూ మొదట సందేహం కలిగింది. ఆలోచిస్తే ఒకటి తోచింది. ఆ ఇంజను నిజం. దానిలో బొగ్గు వేస్తున్న మనిషి నిజం. పట్టాల పక్క ఇంట్లో ఉండేవారు రోజూ ఆ బండి చప్పుడు మధ్యనే అన్నం తిన్నదీ నిజం. లింక్ చేసిందల్లా ఆ నిజం మీద దీపం పెట్టడం.

ఆ పట్టాల పక్క ఇల్లు కూడా ఆయన ఫోటోలలో ఉంది. 1955లో లిథియా అనే ఊళ్లో తీసినది. ముందుగదిలో తల్లి దగ్గర కూర్చున్న పిల్లవాడు కిటికీలోంచి పోతున్న బండికి చెయ్యి ఊపుతుంటాడు. 1956లో గ్రీన్ కోవ్ అనే కొండ ఊరి స్టేషనులో తీసిన ఫోటోలో బండికి కట్టిన ముసలి గుర్రం, వస్తున్న పాత ఇంజనుకు నమస్కరిస్తున్నట్టు తల వంచుకుని నిలబడి ఉంటుంది. పోతున్న కాలానికి ముందే పోయిన కాలం వీడ్కోలు చెబుతున్నట్టు ఉంటుంది ఆ దృశ్యం.

మనుషులు, శబ్దాలు

నాకు లింక్ మీద గౌరవం కలగడానికి అసలు కారణం వేరే ఉంది. ఇంజన్లను ఫోటో తీసినవారు లోకంలో వేలమంది. చాలామందికి ఇంజనే దేవుడు, దాని మీద ఉన్న మనిషి కనబడడు. లింక్ ఫోటోలలో ఇంజను ఎంత పెద్దదైనా పక్కన ఒక మనిషి ఉంటాడు. చక్రాలకు నూనె పోసేవాడు, లాంతరు పట్టుకున్నవాడు, టెలిగ్రాఫ్ బల్ల ముందు కూర్చున్న స్టేషను ఉద్యోగి, షెడ్డులో ఇంజను కింద దూరినవాడు. వీరితో ఆయన స్నేహం చేశారు. చాలా ఫోటోల కింద వారి పేర్లు ఉన్నాయి. రైల్వే అంటే ఇరవై నాలుగు గంటల పని, అందులో బరువైన సగం రాత్రిపూటే. లోకం నిద్రపోయే ఆ సగానికి సాక్ష్యం చెప్పినవాడు లింక్.

ఫోటోతో ఆగలేదు. టేపు రికార్డరు తీసుకువెళ్లి ఇంజన్ల శబ్దాలు కూడా పట్టారు. 1957 నుంచి 1977 వరకు ఆరు గ్రామఫోను రికార్డులు వెలువరించారు. 1957 క్రిస్మస్ ముందురోజు రాత్రి రూరల్ రిట్రీట్ అనే చిన్న స్టేషనులో చేసిన రికార్డింగు పేరుపొందింది. చర్చి గంటలు క్రిస్మస్ పాటలు వాయిస్తుండగా బండి వచ్చి ఆగి, మళ్లీ బయలుదేరి, కూత క్రమంగా దూరమైపోతుంది. వినికిడి తక్కువని సైన్యం వద్దన్న మనిషి ఈ శబ్దాలను మనకు మిగిల్చి వెళ్లారు.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

1960 తరువాత లింక్ మళ్లీ ప్రకటనల పనికి వెళ్లిపోయారు. ఆ నెగెటివ్‌లు చాలా ఏళ్లు రైలు అభిమానులకు తప్ప ఎవరికీ పట్టలేదు. 1983లో ఆయన విశ్రాంత జీవితంలోకి వచ్చారు. సరిగ్గా అదే సమయంలో మ్యూజియంలలో ప్రదర్శనలు మొదలై లోకం ఆయనను కళాకారుడుగా గుర్తించింది. 1987లోనూ, 1995లోనూ ఫోటోల పుస్తకాలు వచ్చాయి. అప్పటికి ఆయనకు డెబ్బై దాటింది.

వృద్ధాప్యం సుఖంగా సాగలేదు. ఆయన వ్యవహారాలు చూసిన రెండవ భార్యే పెద్ద సంఖ్యలో ఆయన ఫోటో ప్రింట్లు దొంగిలించినట్టు 1996లో కోర్టులో రుజువై, ఆమెకు జైలు శిక్ష పడింది. నమ్మినవారి చేతుల్లో మోసపోవడం ఏ దేశంలోనైనా వయసుమళ్లినవారికి పొంచి ఉన్న ఆపదే. అంతటితో ఆయన కుంగిపోలేదు. 1999లో వచ్చిన అక్టోబర్ స్కై అనే సినిమాలో స్టీము ఇంజను డ్రైవరుగా చిన్న వేషం వేశారు. జీవితమంతా బయటినుంచి ఇంజనును చూసిన మనిషి ఎనభై ఏళ్లు దాటాక డ్రైవరు స్థానంలో కూర్చున్నారు. ఆ సంగతి తెలిసి నేను పసివాడిలా సంతోషించాను.

2001 జనవరి 30న గుండెపోటుతో ఆయన మరణించారు. వయసు 86. 2004లో రోనోక్ పాత స్టేషనులో ఆయన పేరున మ్యూజియం తెరిచారు. ఆయన ఫోటోలలో కనబడే జె తరగతి ఇంజన్లలో 611 నంబరు ఇంజను ఒక్కటే మిగిలింది. దానిని 2015లో మళ్లీ నడిచేలా బాగుచేశారు.

మనం చేయవలసినది

మన దేశంలో ఆఖరి స్టీము ఇంజను 1972లో చిత్తరంజన్‌లో తయారైంది. బ్రాడ్‌గేజి మీద రోజువారీ స్టీము బండ్లు 1995 డిసెంబరుతో ఆగిపోయాయి. మా షెడ్డులో స్టీము మూసేసిన రోజున కూడా ఒక ఫోటో తీశారు. ముందు వరుసలో కుర్చీల మీద అధికారులు, మెడలో దండలు. వెనుక నిలబడ్డవాళ్లం మేము. అందరి వెనుక కట్టిన బ్యానరు చాటున ఇంజను చిమ్నీ మాత్రం కనబడుతుంది! ఆ ఫోటో మా ఇంట్లో ఉంది. అందులో నలభై మంది పైగా ఉన్నారు. ఈ వ్యాసం రాయడానికి ముందు దానిని తీసి చూశాను. నేను పేరు పెట్టి గుర్తించగలిగింది పదకొండు మందినే. మిగిలినవారితో ఎన్ని రాత్రులు ఒకే క్యాబులో నిప్పు ముందు నిలబడ్డానో, పేర్లు మాత్రం జారిపోయాయి. ఆ రోజే ఫోటో వెనుక రాసుకుని ఉంటే ఒక్క పెన్సిలు ఖర్చుతో పోయేది.

మిత్రులకూ, వారి కుటుంబ సభ్యులకూ నా మనవి ఒకటే. మీ పెట్టెల్లో పాత ఫోటోలు ఉంటే, అవి ఏ శాఖవైనా సరే, బయటికి తీయండి. జ్ఞాపకం ఉన్న పేర్లు, ఊరు, సంవత్సరం వెనుక రాయండి. మీకు తెలియకపోతే నెలవారీ సమావేశానికి పట్టుకురండి, పక్కవారికి తెలిసి ఉండవచ్చు. నేను మా షెడ్డు ఫోటోను వచ్చే సమావేశానికి తెస్తున్నాను. రెండవ వరుసలో ఎడమనుంచి నాలుగవ మనిషి, నుదుటి మీద కాలిన మచ్చ ఉన్నాయన, నాకు పార పట్టడం నేర్పినవాడు. ఆయన పేరు తెలిసినవారు దయచేసి చెప్పండి.