టివోలి నిర్మాత కార్‌స్టెన్సెన్

కార్యారంభమును బట్టి భర్తృహరి మనుష్యులను మూడు తెగలుగా విభజించెను. విఘ్నములకు వెఱచి పనికి పూనుకొననివారు అధములు. పూనుకొని, ఆటంకము కలిగినంతనే విడిచిపెట్టువారు మధ్యములు. ఎన్ని అడ్డంకులు వచ్చినను పట్టు విడువనివారు ఉత్తములు. ఈ విభాగము మన పాఠశాలలలో చదివిన ప్రతి బాలునకును తెలిసినదే. కాని లోకమున నాలుగవ తెగవారును కొందఱు కలరు. వారు పనికి పూనుకొందురు, సాధింతురు, దానిని నలుగురకు ఉపయోగపడునట్లు నిలుపుదురు. తుదకు ఆ పనికే పరాయివారగుదురు. డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగన్ నగరమున 1843లో టివోలి యను వినోదోద్యానమును నెలకొల్పిన గియోర్గ్ కార్‌స్టెన్సెన్ అట్టివాడు.

ఆతడు 1812 ఆగస్టు 31వ తేదీన ఉత్తరాఫ్రికా తీరమునందలి అల్జీర్సు నగరమున జన్మించెను. తండ్రి అచ్చట డెన్మార్కు రాజ్యపక్షమున దౌత్యోద్యోగి. చలిదేశపు బిడ్డయైనను ఆ బాలుని తొలిచూపులు సోకినది మసీదు గుమ్మటముల మీదను, ఎండలో మెఱయు తెల్లని గోడల మీదను. పెరిగి పెద్దవాడైన పిమ్మట ఆతడు కోపెన్‌హేగన్‌లో విద్యాభ్యాసము చేసెను, కొంతకాలము సైన్యమున నుండెను, పలుదేశములు తిరిగెను. ఆ కాలమున ఐరోపాఖండపు మహానగరములలో వినోదోద్యానములకు గొప్ప ప్రఖ్యాతి యుండెను. లండనులో వాక్సుహాలు, పారిసులో టివోలి యట్టివి. సాయంకాలము కాగానే దీపములు వెలిగించి, చెట్లనీడను సంగీతము వినిపించి, ఆటలు చూపించి, తుదకు బాణసంచా కాల్చుట వాని పద్ధతి. డెన్మార్కు ప్రజలకును అట్టి తావు ఒకటి యుండవలెనను కోరిక కార్‌స్టెన్సెన్ మనస్సున నాటుకొనెను.

డెన్మార్కు మన దక్షిణ భారతమునకు బొత్తిగా అపరిచితమైన దేశము కాదు. తమిళదేశపు తీరమున తరంగంబాడిలో 1620 మొదలుకొని డేనులకు కోటయు వర్తకస్థానమును ఉండెను. దానిని 1845లో ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీకి విక్రయించినవాడు ఎనిమిదవ క్రిస్టియన్ రాజు. కార్‌స్టెన్సెన్‌కు ఉద్యాననిర్మాణమునకు అనుమతి నొసగినవాడును ఆ రాజే. నాటి డెన్మార్కున శాసనసభ చేతిలో అధికారము లేదు. రాజు మాటయే శాసనము. రాజధానిలో సుమారు లక్షా ఇరువది వేలమంది ప్రజలు కోటగోడల నడుమ ఇఱుకు వీధులలో క్రిక్కిఱిసి కాపురముండిరి. ధనికులకు నాటకశాలలు, విందులు కలవు; పనిపాటులు చేసికొనువారికి పొద్దుగ్రుంకిన పిదప నిలువదగిన తావు అరుదు.

కార్‌స్టెన్సెన్ మొదట పత్రికా ప్రచురణకు పూనుకొనెను. 1839లో ఆరంభించిన తన పత్రిక చందాదారుల కొఱకు రోసెన్‌బోర్గు రాజోద్యానమున సంగీతముతోను, దీపములతోను ఉత్సవములు జరిపించెను. జనము విరగబడి వచ్చిరి. ప్రజలు దేనికై అఱ్ఱులు చాచుచున్నారో ఆతనికి అప్పుడు స్పష్టమయ్యెను. ఒక్క రాత్రి ఉత్సవమును వేసవి పొడుగున నడపినచో ఎట్లుండునని యోచించి, ఆతడు రాజును ఆశ్రయించెను.

రాజును ఒప్పించుటకు ఆతడు చెప్పిన యుక్తి ప్రసిద్ధమైనది. వినోదమున మునిగియున్న ప్రజలు రాజకీయములను గూర్చి తలపెట్టరని ఆతడు విన్నవించెనని చెప్పుదురు. నిరంకుశ ప్రభువులందఱును ప్రజల అసంతృప్తికి జంకుచున్న కాలమది. యుక్తి ఫలించెను. నగరపు పడమటి ద్వారమునకు వెలుపల, కోట కందకమును ఆనుకొనియున్న నేలను ఐదేండ్లపాటు వాడుకొనుటకు అనుమతి లభించెను. కాని ఆ నేల సైన్యమునకు చెందినది. శత్రువు వచ్చినచో ఫిరంగుల గుండ్లకు అడ్డము లేకుండ కట్టడములన్నింటిని పడగొట్టవలసియుండును. కావున తేలికయైన కఱ్ఱకట్టడములు తప్ప మఱేమియు కట్టరాదను నిబంధన ఏర్పడెను. అట్లు టివోలి పుట్టుకతోనే అల్పాయుష్కముగా తలపబడినది.

కార్‌స్టెన్సెన్ నిరుత్సాహపడలేదు. వాటాలు అమ్మి మూలధనము కూర్చెను. స్టిల్లింగ్ అను శిల్పి ప్రాచ్యదేశముల రీతిని గుమ్మటములతోను, సన్నని స్తంభములతోను కట్టడములు రచించెను. అల్జీర్సులో పుట్టిన బాలుని కలలు డెన్మార్కు కఱ్ఱతో రూపు దాల్చినట్లుండెను. 1843 ఆగస్టు 15వ తేదీన ఉద్యానమును తెఱచిరి. తొలినాడు 3,600 మందికి పైగా ప్రవేశరుసుము చెల్లించి లోనికి వచ్చిరి. అక్టోబరు 11వ తేదీన ఆ ఏటి ప్రదర్శనములు ముగియునప్పటికి వచ్చినవారి లెక్క లక్షా డెబ్బది వేలు దాటెను. నగరములోని మొత్తము జనసంఖ్యకంటె ఇది ఎక్కువ.

టివోలికి పగలు కంటె రాత్రియే అందము. రంగుటద్దముల దీపములు చెట్టుచెట్టునను వెలుగుచుండ, కందకపు నీరు సరస్సై వాని నీడలను చూపుచుండెను. రంగులరాట్నములును, కొండమీదినుండి జాఱు బండియు పిల్లలకును పెద్దలకును సమానముగా ప్రీతిపాత్రములయ్యెను. సంగీతశాలలో వాద్యబృందమునకు నాయకుడు హాన్స్ క్రిస్టియన్ లుంబియె. ఆతడు సైన్యమున బాకా ఊదు ఉద్యోగిగా జీవితము ప్రారంభించి, వియన్నా నగరపు స్ట్రౌస్ బాణీలచే ప్రభావితుడై, డెన్మార్కు స్ట్రౌస్ అని పేరు గాంచెను. ఆగర్భశ్రీమంతుడును, ఆనాటి కూలితో టిక్కెట్టు కొన్న పనివాడును ఒకే చెట్టుక్రింద నిలిచి ఆ సంగీతమును వినిరి. రాత్రి ముగింపున బాణసంచా ఆకాశమున విచ్చుకొనునపుడు అందఱి ముఖములును ఒకే రంగున వెలిగెను. తరగతుల భేదము గాఢముగా నున్న ఆ సమాజమున ఇది చిన్న విశేషము కాదు.

టివోలి రంగస్థలముపై ప్రదర్శించిన వానిలో మిక్కిలి ప్రజాదరము పొందినది మూకనాటకము. ఇటలీ దేశపు వీధినాటకములనుండి పుట్టి, 1800 ప్రాంతమున కాసోర్తి అను ఇటలీ నటకుటుంబము ద్వారా డెన్మార్కునకు వచ్చిన కళ యిది. ఇందు మాటలు లేవు. హార్లెక్విన్ అను ప్రియుడు, కొలంబీన్ అను ప్రియురాలు, వారికి అడ్డు తగులు తండ్రి కసాండర్, తెల్లని ముఖముతో తెలివితక్కువ పనులు చేయు సేవకుడు పియెరో – వీరే పాత్రలు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు రంగమున కాలు పెట్టగనే పిల్లలలో పుట్టు కలకలము వంటిదే పియెరో రాకతో అచ్చట పుట్టును. ఆట ముగిసిన పిదప ఏదైన మాటాడుమని పిల్లలు కేకలు వేయుటయు, అంతవఱకు మూగయైన పియెరో అప్పుడు నోరు విప్పుటయు అచ్చటి ఆచారము. వోల్కెర్సెన్ అను నటుడు 1843 మొదలు సుమారు అర్ధశతాబ్దము ఈ పాత్రనే ధరించెను. తాతలు చూచిన పియెరోనే మనుమలును చూచిరి.

కథకచక్రవర్తి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ సహితము ఆ తొలి వేసవిలో టివోలిని దర్శించినవాడే. చీనా చక్రవర్తికిని, కోయిలవంటి చిన్న గాయకపక్షికిని సంబంధించిన ఆతని ప్రసిద్ధకథకు శ్రీకారము చుట్టబడినది టివోలి చూచిన 1843 అక్టోబరు 11వ తేదీననే యని ఆతని దినచర్యవలన తెలియుచున్నది.

ఇంత సాధించిన కార్‌స్టెన్సెన్‌లో ఒక లోపము లేకపోలేదు. ఆతనికి ఆలోచనలు పుట్టినంత వేగముగా లెక్కలు కుదరవు. చేతికి ఎముక లేనివాడు. ఒక వేడుక ముగియక మునుపే అంతకు మించిన వేడుకను తలపెట్టును. టివోలి ఎన్నటికిని పూర్తి కాదని ఆతడు నమ్మెనని ప్రతీతి. కళాకారునకు ఆ నమ్మకము భూషణము. వాటాదారులకు మాత్రము దినదినగండము. చలికాలమున టివోలి మూతపడుచుండెను గావున, పైకప్పు గల వినోదశాల యొకటి కావలెనని ఆతడు 1847లో కాసినో అను భవనమును నెలకొల్పెను. 1848లో ష్లెస్విగ్ ప్రాంతమునకై యుద్ధము రేగినపుడు ఆతడు సైన్యమున చేరి వెడలెను. ఆ సంవత్సరముననే టివోలి నిర్వహణమున ఆతని అధికారము ముగిసెను. ఐదేండ్లు నడపిన ఉద్యానము ఇతరుల చేతులలోనికి పోయెను.

ఈ సందర్భమున చరిత్రలో ఒక విచిత్రము జరిగెను. వినోదము ప్రజలను రాజకీయములకు దూరము చేయునను యుక్తితో గదా కార్‌స్టెన్సెన్ అనుమతి పొందినది! 1848 జనవరిలో ఎనిమిదవ క్రిస్టియన్ మరణించెను. మార్చి 20వ తేదీన నిరంకుశ ప్రభుత్వము పోవలెనని కోరుచు ప్రజానాయకులు మహాసభ జరిపిరి. ఆ సభ జరిగినది వినోదమునకై కార్‌స్టెన్సెన్ కట్టించిన కాసినో శాలలోనే! మఱునాడు వేలకొలది పౌరులు ఊరేగింపుగా రాజభవనమునకు నడచిరి. కొత్తరాజు ఏడవ ఫ్రెడెరిక్ తలయొగ్గెను. 1849 జూన్ 5వ తేదీన డెన్మార్కునకు రాజ్యాంగము లభించెను. ప్రజలను ఒకచోట చేర్చువాడు వారు నవ్వుటకే చేరుదురని హామీ యీయజాలడు. కలిసి నవ్వినవారు కలిసి ఆలోచింపను గలరు. రాజునకు చెప్పిన యుక్తి తప్పయ్యెను; జనమునకు ఒక కూడలి కల్పించిన పని మాత్రము ఒప్పయ్యెను.

యుద్ధానంతరము కార్‌స్టెన్సెన్ స్వదేశమున నిలువలేదు. కొంతకాలము వెస్టిండీసు దీవులలో డేనుల పాలనలోని ప్రాంతమున నుండి, పిదప అమెరికా చేరెను. న్యూయార్కు నగరమున సర్వదేశ వస్తుప్రదర్శనమునకై ఇనుముతోను, గాజుతోను స్ఫటికభవనము నిర్మింపదలచినపుడు గిల్డెమైస్టర్ అను శిల్పితో కలిసి ఆతడు సమర్పించిన నమూనా ఎన్నిక కాబడెను. 1853 జూలైలో ప్రారంభోత్సవము జరిగిన ఆ భవనపు మహాగుమ్మటము అమెరికనులను ఆశ్చర్యచకితులను గావించెను. కాని ఆ ప్రదర్శనము నష్టముతో ముగిసెను. ఆ భవనమును 1858 అక్టోబరు 5వ తేదీన అగ్నికి ఆహుతి యయ్యెను. దానిని చూచుటకు అప్పటికి కార్‌స్టెన్సెన్ జీవించి లేడు.

1855లో ఆతడు కోపెన్‌హేగన్‌కు తిరిగి వచ్చెను. టివోలి దీపములు యథాప్రకారము వెలుగుచుండెను, లుంబియె బృందము వాయించుచుండెను, పియెరో నవ్వించుచుండెను. వానినన్నింటిని ఒకచోట కూర్చినవానికి మాత్రము అచ్చట పని లేదు. మఱొకడైనచో వ్యాజ్యములతోనో, నిందలతోనో శేషజీవితము గడపియుండెడివాడు. కార్‌స్టెన్సెన్ అట్లు చేయక, నగరము చెంతనున్న ఫ్రెడెరిక్స్‌బెర్గులో అల్‌హంబ్రా యను నూతన వినోదోద్యానమునకు పునాదులు వేయ మొదలిడెను. అది పూర్తికాక మునుపే ఊపిరితిత్తుల వాపు సోకి 1857 జనవరి 4వ తేదీన మరణించెను. అప్పటికి ఆతని వయస్సు నలువది నాలుగేండ్లు. ఆతడు పోయిన కొన్ని నెలలకు అల్‌హంబ్రా తెఱువబడి, పండ్రెండేండ్లు నడచి మూతపడెను.

ఐదేండ్ల అనుమతితో, పడగొట్టుటకు వీలైన కఱ్ఱతో కట్టిన టివోలి మాత్రము చెక్కుచెదరలేదు. కోటగోడలు పోయెను; వాని చెంత కట్టిన ఉద్యానము మిగిలెను. కందకపు తునక నేటికిని టివోలి సరస్సుగా నున్నది. 1874లో డాలెరుప్ అను శిల్పి చీనా రీతిని నిర్మించిన మూకనాటకశాల ఇప్పటికిని నిలిచియున్నది. దాని తెర నెమలి రూపమున నుండును. ఆ నెమలి పురి దించినపుడు రంగస్థలము కనబడును. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944 జూన్ నెలలో, నాజీల పక్షమువారు ప్రేలుడు పదార్థములతో సంగీతశాలను, మఱికొన్ని కట్టడములను ధ్వంసము చేసిరి. ప్రజల ఉల్లాసమును దెబ్బతీయుట వారి ఉద్దేశము. కొలది వారములలోనే ఉద్యానమును మరల తెఱచిరి; 1956లో నూతన సంగీతశాల వెలసెను. 1951లో వాల్ట్ డిస్నీ టివోలిని దర్శించెను. నాలుగేండ్లకు ఆతని డిస్నీలాండు అమెరికాలో వెలసెను.

మనలో ఆరంభశూరుడను మాట నిందార్థమున వాడుదురు. ఆరంభించి, అలసి, విడిచినవానికి ఆ నింద తగును. కార్‌స్టెన్సెన్ అలసి విడిచినవాడు కాడు. చేతినుండి పని జాఱిపోయిన ప్రతిసారియు మఱొక పనిని ఎత్తుకొన్నవాడు. లెక్కలు చూచి టివోలిని నిలిపినవారి సేవయు తక్కువది కాదు. అయినను వారు నిలుపుటకు మొదట ఒకటి యుండవలెను గదా! దానిని కల్పించినవాడు కార్‌స్టెన్సెన్. బాణసంచా వెలుగు గడియసేపైనను నిలువదు. అట్టి వెలుగులతో జీవితము గడపిన ఆ మనుజుని పని నూట ఎనుబది యేండ్లు దాటి నిలిచినది. వేసవి రాత్రులలో నెమలి పురి దించగనే నేటికిని అచ్చటి పిల్లలు కేరింతలు కొట్టుదురు. వారిలో పెక్కుమందికి కార్‌స్టెన్సెన్ పేరు తెలియకపోవచ్చును. ఆతడు కోరినది పేరు కాదు; ఆ కేరింతయే.