మంచులో మిలటరీ బూట్లు: ఎమిల్ జాటోపెక్ పరుగు

మనలో చాలామంది దేశీ కంపెనీ అనుకునే బాటా పుట్టింది ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని జ్లిన్ పట్టణంలో. 1941లో ఆ పట్టణం నాజీ జర్మనీ ఆక్రమణలో ఉంది. ఆ ఏడాది బాటా ఫ్యాక్టరీ కుర్రాళ్లకు జ్లిన్ వీధుల్లో ఓ చిన్న పరుగు పందెం పెట్టారు. దూరం ఒకటిన్నర కిలోమీటరు కూడా లేదు. అందులో పరిగెత్తాలని క్రీడల బాధ్యుడు ఆదేశించిన వారిలో 18 ఏళ్ల ఎమిల్ జాటోపెక్ ఒకడు. పరుగంటే అతనికి ఆసక్తి లేదు. ఒంట్లో బాగోలేదని తప్పించుకోబోతే డాక్టర్ పరీక్షించి, పరిగెత్తొచ్చని తేల్చేశాడు. ఇష్టం లేకుండానే గీత మీద నిలబడ్డ ఆ కుర్రాడు వందమందిలో రెండో స్థానంలో వచ్చాడు. తర్వాత పదకొండేళ్లకు ప్రపంచంలో అతన్ని మించిన దూర పరుగు వీరుడు లేడు.

జాటోపెక్ 1922 సెప్టెంబర్ 19న కొప్రివ్‌నిత్సే అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి వడ్రంగి. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని సంపాదన. 16 ఏళ్లకే బాటాలో పనికి చేరి, పగలు ఫ్యాక్టరీలో పనిచేస్తూ సాయంత్రాలు చదువుకున్నాడు. వీధి పందెం తర్వాత పరుగు అతన్ని వదల్లేదు. 1944 కల్లా 2,000, 3,000, 5,000 మీటర్లలో దేశ రికార్డులు అతనివే. యుద్ధం ముగిశాక సైన్యంలో చేరాడు. అసలు కథ అక్కడి చలికాలాల్లో ఉంది.

మధ్య యూరప్‌లో చలికాలమంటే నెలల తరబడి మంచు. ట్రాక్ కనిపించదు. కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, బాట గాజుపలకలా జారుతుంది. ఆ రోజుల్లో చాలామంది రన్నర్లు శీతాకాలం వస్తే సాధన తగ్గించుకునేవారు. జాటోపెక్ తగ్గించలేదు. బరువైన మిలటరీ బూట్లు వేసుకుని మంచు పేరుకున్న అడవి దారుల్లో పరిగెత్తాడు. డ్యూటీ అయ్యాక చీకటి పడితే చేతిలో టార్చిలైటు పట్టుకుని వెళ్లేవాడు.

ఇందులో మొండితనంతో పాటు ఆలోచన కూడా ఉంది. మెత్తటి మంచులో కాలు దిగబడుతుంది. ప్రతి అడుగుకూ మోకాలు పైకెత్తాలి. తొడ కండరాలకు, గుండెకు పని పెరుగుతుంది. గట్టి అడుగున్న బూటు నేలను కాస్త పట్టుకుంటుంది, చీలమండ మెలిపడకుండా కాపాడుతుంది. మంచుగడ్డ మీదైతే అంగ చాచితే పడిపోతాం, అడుగులు దగ్గరగా వేయక తప్పదు. అలా నెలలు గడిపినవాడు వసంతంలో తేలికపాటి స్పైక్స్ వేసుకుని ట్రాక్ మీదికొస్తే కాళ్లు బరువే అనిపించవు. బయటికి వెళ్లలేని రోజుల్లో ఇంట్లో తొట్టెలో ఉతకాల్సిన బట్టలు వేసి, వాటి మీద ఉన్నచోటే పరిగెత్తేవాడని చెబుతారు.

వేగంగా పరిగెత్తడం నేర్చుకోవాలంటే వేగంగానే పరిగెత్తాలన్నది అతని లెక్క. అందుకే 400 మీటర్లు వేగంగా, మధ్యలో కాసేపు నెమ్మదిగా, మళ్లీ వేగంగా సాగేవాడు. మొదట్లో రోజుకు ఇరవైసార్లు, తర్వాత నలభై, ఇంకా పైకి. ఇవాళ ప్రతి కోచ్ నోటా వినిపించే ఇంటర్వెల్ శిక్షణను అంత భారీగా చేసి చూపింది జాటోపెక్.

1948 లండన్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల స్వర్ణం, 5,000లో రజతం వచ్చాయి. 1952 హెల్సింకీలో జరిగింది మాత్రం ఇప్పటికీ ఎవరూ తిరిగి చేయలేదు. జులై 20న 10,000 మీటర్లు, 24న 5,000 మీటర్లు, 27న మారథాన్, మూడింటిలోనూ స్వర్ణం, మూడింటిలోనూ ఒలింపిక్ రికార్డు. మారథాన్ పరిగెత్తడం అతనికి అదే మొదటిసారి. దారిలో ప్రపంచంలోనే మేటి అయిన బ్రిటన్ రన్నర్ జిమ్ పీటర్స్‌ను ఈ వేగం సరిపోతుందా అని అడిగాడు. అతన్ని అలసిపోయేలా చేద్దామని పీటర్స్ ఇంకా తక్కువే అన్నాడు. జాటోపెక్ నమ్మి వేగం పెంచాడు. పీటర్స్ మధ్యలోనే ఆగిపోయాడు. జాటోపెక్ 5,000 గెలిచిన రోజే, అతను పుట్టిన రోజునే పుట్టిన భార్య డానా జావెలిన్‌లో స్వర్ణం గెలిచింది. కె.డి. జాదవ్ కుస్తీలో కాంస్యంతో స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత పతకం తెచ్చింది కూడా ఆ హెల్సింకీలోనే.

1954లో 10,000 మీటర్లను 29 నిమిషాల్లోపు పూర్తిచేసిన తొలి మనిషి అతనే. హెర్నియా ఆపరేషన్ తర్వాత 1956 మెల్‌బోర్న్ మారథాన్‌లో ఆరో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 1958 జనవరిలో స్పెయిన్‌లో ఓ క్రాస్ కంట్రీ పందెం గెలిచి పోటీలు ముగించాడు.

దేశం అతన్ని నెత్తిన పెట్టుకుంది. సైన్యంలో కల్నల్ అయ్యాడు. ప్రభుత్వం కమ్యూనిజం విజయానికి ప్రతీకగా అతన్ని చూపించుకుంది. అందుకే 1968లో అతను తీసుకున్న పక్షం బరువైనది. ప్రాగ్ వసంతం పేరుతో వచ్చిన సంస్కరణలను సమర్థించాడు. వాటిని కోరిన రెండు వేల పదాల ప్రకటనపై సంతకం చేశాడు. ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని సేనలు దేశంలోకి వచ్చినప్పుడు ప్రాగ్ వీధుల్లో జనం మధ్య నిలబడి దాన్ని ఖండించాడు.

ఫలితం త్వరగానే వచ్చింది. పార్టీ నుంచీ సైన్యం నుంచీ బయటికి పంపేశారు. భూగర్భ పరిశోధన సంస్థలో డ్రిల్లింగ్ కూలీగా, ఇంటికి దూరంగా బండి గదుల్లో ఏళ్లు గడిపాడు. ఆ తర్వాత ఒత్తిడికి తలొగ్గి, 1968 నాటి తన వైఖరిని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించాడు. అప్పటిదాకా అతన్ని ఆరాధించిన కొందరు దాన్ని క్షమించలేకపోయారు. మంచులో ఎన్ని గంటలైనా పరిగెత్తిన మనిషి ఆ ఒత్తిడి ముందు ఎందుకు ఆగిపోయాడని అడగడం సులువు. మంచుకు ఓ కాలం ఉంటుంది, వసంతం ఎప్పుడొస్తుందో రన్నర్‌కు తెలుసు. 1970లలో ప్రాగ్‌లో ఉన్నవాళ్లకు ఆ భరోసా లేదు.

చివరికి ప్రాగ్‌లో విదేశీ క్రీడా పత్రికలు చదివి అనువదించే చిన్న ఉద్యోగం దొరికింది. అనేక భాషలు వచ్చిన మనిషికి అది కష్టం కాలేదు. 1990లో వాక్లవ్ హావెల్ ప్రభుత్వం గౌరవాన్ని తిరిగిచ్చింది. 2000 నవంబర్ 21న జాటోపెక్ కన్నుమూశాడు.

ఆస్ట్రేలియా రన్నర్ రాన్ క్లార్క్ ఎన్నో ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టినా ఒలింపిక్ స్వర్ణం గెలవలేకపోయాడు. 1966లో అతను ప్రాగ్ వచ్చి వెళ్తుంటే జాటోపెక్ ఓ చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. తర్వాత క్లార్క్ విప్పి చూస్తే అందులో 1952 నాటి 10,000 మీటర్ల స్వర్ణ పతకం ఉంది. అది మంచులో బూట్లతో సంపాదించుకున్న పతకం. దాన్ని దాచుకోవాలని అతనికి అనిపించలేదు.