గుండెకు దారి చూపిన వెర్నర్ ఫోర్స్‌మన్

వెర్నర్ ఫోర్స్‌మన్ 1904 ఆగస్టు 29న బెర్లిన్ నగరంలో జన్మించారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించారు. బెర్లిన్‌లోనే వైద్యవిద్య అభ్యసించి, 1929లో ఎబర్స్‌వాల్డె అనే చిన్న పట్టణపు ఆసుపత్రిలో శస్త్రవైద్యం నేర్చుకొనసాగారు.

ఆ రోజులలో ఆగిపోతున్న గుండెకు మందు అందించవలెనంటే రొమ్ములోనుండి నేరుగా గుండెలోకి సూది గుచ్చేవారు. ఆ సూది ఊపిరితిత్తికో రక్తనాళానికో తగిలితే ప్రాణానికే ముప్పు. మోచేతి మడత వద్ద కనిపించే సిర చివరకు గుండెకే చేరుతుంది గదా, ఆ దారినే సన్నని గొట్టాన్ని పంపరాదా అని ఈ యువవైద్యుడు తలచారు. పై అధికారి అనుమతించలేదు.

పరికరాల తాళపుచెవి గెర్డా డిట్జెన్ అనే నర్సు వద్ద ఉండేది. ప్రయోగం తనపైనే చేయమని ఆమె ముందుకు వచ్చింది. ఫోర్స్‌మన్ ఆమెను బల్లకు కట్టివేసి, ఆమె గమనించేలోగా తన ఎడమచేతి సిరలోకే గొట్టాన్ని ఎక్కించుకొన్నారు. అది మూత్రనాళం కోసం తయారైన గొట్టం. 65 సెంటీమీటర్ల మేర లోనికి పోయిన తరువాత, అలాగే ఎక్స్‌రే గదికి నడిచివెళ్లి, దాని కొన గుండె కుడి కర్ణికలో ఉన్నట్లు చిత్రం తీయించుకొన్నారు. ఆ ధైర్యాన్ని మేమూ మెచ్చుకొంటాము. నమ్మి వచ్చిన నర్సును మోసపుచ్చిన సంగతిని మాత్రం మరుగుపరచలేము.

ఆ సంవత్సరమే ఆయన వ్యాసం వెలువడింది. బెర్లిన్‌లోని పెద్ద ఆసుపత్రి ఆయనను ఆదరించలేదు. ఆయన మూత్రకోశ వైద్యానికి మళ్లారు. 1932లో నాజీ పార్టీలో చేరారు. ఇది ఆయన జీవితంలో చెరగని మచ్చ. యుద్ధంలో సైనిక వైద్యునిగా పనిచేసి, అమెరికన్ల చేత బందీయై, విడుదలైన పిమ్మట పల్లె వైద్యంతో కాలం గడిపారు. ఇంతలో అమెరికాలో కూర్నాన్, రిచర్డ్స్ ఆ మార్గాన్నే అభివృద్ధి చేశారు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి లభించింది.

ఫోర్స్‌మన్ దేహంలో గొట్టం నిలిచినది కొద్దిసేపే. క్యాన్సర్ సోకిన పిల్లల దేహంలో అది నెలల తరబడి ఉండవలసి వస్తుంది. 1948లో ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలిక ఉపశమనం కలిగించారు. ఆ మందు భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అందించినది. ఆ తరువాత మందులు పెరిగాయి. వాటిలో కొన్ని చిన్న సిరలను దహిస్తాయి. పైగా పసివారికి మాటిమాటికీ సూదిపోటు నరకం. అందుచేత 1973లో బ్రోవియాక్, 1979లో హిక్‌మన్ ఎదచర్మం కిందుగా పెద్ద సిరలోకి పోయే మెత్తని సిలికోన్ గొట్టాలను వివరించారు.

మందు పోయే దారినే సూక్ష్మక్రిములూ పోగలవు. చికిత్స వలన తెల్లకణాలు తగ్గిపోయిన బిడ్డకు రక్తంలో చీము దోషం కొద్ది గంటలలోనే ప్రాణాంతకం కావచ్చు. అందువలన గొట్టమున్న బిడ్డకు జ్వరం వస్తే వైద్యులు మరునాటి వరకు వేచియుండరు. వెంటనే రక్తం పరీక్షకు పంపి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఒక్కొక్కప్పుడు గొట్టాన్నే తీసివేయవలసి వస్తుంది. రెండవ చిక్కు రక్తం గడ్డకట్టుట. పసివాని సిర సన్ననిది, గొట్టం అందులో చాలా చోటు ఆక్రమిస్తుంది. ఆస్పరాజినేజ్ అనే మందు గడ్డకట్టకుండా కాపాడే ప్రోటీన్లను తగ్గించి ఆ ముప్పును పెంచుతుంది. చేయి గాని మెడ గాని వాచినదంటే అనుమానించవలసినదే. గొట్టం పూడిపోవుట, జారిపోవుట, తెగుట కూడా కలవు. చర్మం కింద పూర్తిగా దాగియుండే పోర్ట్‌లో క్రిముల బెడద తక్కువ, కాని వాడిన ప్రతిసారీ సూది గుచ్చక తప్పదు.

చేతులు కడుగుకొనుట, గొట్టపు మూతిని తాకే ముందు ప్రతిసారీ క్రిమినాశినితో గట్టిగా రుద్దుట — ఇంత సామాన్యమైన పనులే ఎక్కువ ప్రాణాలను కాపాడుతున్నాయి. ఇంటివద్ద గొట్టాన్ని కనిపెట్టి చూచుకొనే తల్లులకు కూడా ఈ విద్య నేర్పుతారు.

ఫోర్స్‌మన్ 1979 జూన్ 1న గుండెజబ్బుతో కన్నుమూశారు.