విల్ట్ చాంబర్లేన్

విల్ట్ చాంబర్లేన్ (ఆగస్టు 21, 1936 - అక్టోబరు 12, 1999) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు. పూర్తి పేరు విల్టన్ నార్మన్ చాంబర్లేన్. 7 అడుగుల 1 అంగుళం (216 సెం.మీ.) ఎత్తు, ఆ ఎత్తుకు తగిన బలము, వేగము గల ఇతడిని అభిమానులు "బిగ్ డిప్పర్" (సప్తర్షి మండలం) అని పిలిచేవారు. ఎన్‌బీఏ పోటీలలో ఒకే ఆటలో 100 పాయింట్లు సాధించిన ఏకైక క్రీడాకారుడుగా ఇతడు ప్రపంచానికి తెలుసు. అయితే అంతకు ముందే, కాన్సస్ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన రెండు సీజన్లలో, ఇతడిని నిలువరించడానికి ప్రత్యర్థులు పన్నిన వ్యూహాలు కళాశాల బాస్కెట్‌బాల్ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయంగా నిలిచాయి.

బాల్యము, ఉన్నత పాఠశాల

చాంబర్లేన్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక పెద్ద కుటుంబంలో జన్మించాడు. తల్లి ఒలీవియా ఇళ్లలో పనిచేసేది. తండ్రి విలియం చిన్నచిన్న ఉద్యోగాలతో కుటుంబాన్ని పోషించాడు. బాల్యంలో పరుగుపందెములు, హైజంప్ వంటి క్రీడలపైనే ఇతడికి మక్కువ ఎక్కువ. తరువాత బాస్కెట్‌బాల్ వైపు మళ్ళాడు.

ఓవర్‌బ్రూక్ ఉన్నత పాఠశాల జట్టులో మూడు సీజన్లు ఆడి 2,252 పాయింట్లు సాధించాడు. ఆ కాలంలో జట్టు 56 ఆటలు గెలిచి 3 మాత్రమే ఓడింది. ఆ ఓటములలో ఒకటి 1953లో ఫిలడెల్ఫియా నగర ఛాంపియన్‌షిప్ పోటీలో ఎదురైంది. ప్రత్యర్థి వెస్ట్ కాథలిక్ జట్టు ఒకేసారి నలుగురిని చాంబర్లేన్ చుట్టూ నిలిపింది. అతడు 29 పాయింట్లు చేసినా ఓవర్‌బ్రూక్ 54-42తో ఓడిపోయింది. ఒక్కడిని కట్టడి చేసి, మిగిలినవారిని వదిలివేసే ఈ పద్ధతి తరువాత అతడికి పదేపదే ఎదురైంది. 1954, 1955 సంవత్సరాలలో ఓవర్‌బ్రూక్ నగర ఛాంపియన్‌షిప్ గెలుచుకున్నది.

కాన్సస్ విశ్వవిద్యాలయం

దేశంలోని అనేక విశ్వవిద్యాలయాలు చాంబర్లేన్‌ను ఆహ్వానించాయి. వాటిలో ఇతడు కాన్సస్‌ను ఎంచుకుని 1955లో చేరాడు. అక్కడి శిక్షకుడు ఫాగ్ అలెన్ అప్పటికే పేరుమోసినవాడు. ఆనాటి నియమాల ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు విశ్వవిద్యాలయ ప్రధాన జట్టులో ఆడరాదు. అందుచేత 1955 నవంబరు 18న మొదటి సంవత్సరం విద్యార్థుల జట్టుకు, ప్రధాన జట్టుకు జరిగిన ప్రదర్శన పోటీలో అభిమానులు అతడి ఆటను చూశారు. ఆ పోటీలో అతడు 42 పాయింట్లు, 29 రీబౌండ్లు సాధించగా మొదటి సంవత్సరం జట్టు 81-71తో గెలిచింది.

అలెన్‌కు 70 ఏళ్ళు నిండడంతో 1956లో పదవీ విరమణ చేయవలసి వచ్చింది. చాంబర్లేన్‌ను రప్పించిన అలెన్ అతడికి ఒక్క సీజన్ కూడా ప్రధాన జట్టులో శిక్షణ ఇవ్వలేకపోయాడు. అలెన్ సహాయకుడు డిక్ హార్ప్ శిక్షకుడయ్యాడు. 1956 డిసెంబరు 3న నార్త్‌వెస్టర్న్‌పై ఆడిన తొలి పోటీలోనే చాంబర్లేన్ 52 పాయింట్లు, 31 రీబౌండ్లు సాధించాడు. జీన్ ఎల్‌స్టన్, మారిస్ కింగ్, జాన్ పార్కర్, రాన్ లోనెస్కీ, లూ జాన్సన్ ఇతర ముఖ్య ఆటగాళ్ళు.

విశ్వవిద్యాలయం ఉన్న లారెన్స్ పట్టణంలో ఆ రోజుల్లో నల్లజాతివారిపై వివక్ష ఉండేది. చాంబర్లేన్ ఆ కట్టుబాట్లను లెక్కచేయక తనకు నచ్చిన భోజనశాలలకు వెళ్ళి కూర్చునేవాడు.

ప్రత్యర్థుల వ్యూహాలు

కాన్సస్‌తో మామూలుగా ఆడి గెలవడం కష్టమని కొన్ని వారాలలోనే ఇతర జట్లకు తెలిసిపోయింది. దీనికి ప్రత్యర్థులు ముఖ్యంగా రెండు మార్గాలు కనిపెట్టారు.

మొదటిది చుట్టుముట్టడం. ఒక ఆటగాడు చాంబర్లేన్ ముందు, మరొకడు వెనుక నిలిచేవారు. బంతి అతడికి చేరితే మూడవవాడు కూడా వచ్చి మీదపడేవాడు. దీనివలన బుట్టకు దూరంగా ఉన్న ఇతర కాన్సస్ ఆటగాళ్ళకు ఖాళీ దొరికేది. కానీ వారు దూరం నుండి బంతిని సరిగా వేయలేకపోతే ఆ ఖాళీ వలన ప్రయోజనం ఉండదు. ప్రత్యర్థులు నమ్ముకున్నది దీనినే.

రెండవది బంతిని అట్టిపెట్టుకోవడం. ఆ రోజుల్లో కళాశాల బాస్కెట్‌బాల్‌లో షాట్ క్లాక్ లేదు. బంతి చేతిలో ఉన్న జట్టు ఇంత సమయంలోగా బుట్టవైపు వేయాలన్న నిబంధన లేదు. కాబట్టి నిమిషాల తరబడి బంతిని ఒకరికొకరు అందించుకుంటూ కాలం గడపవచ్చు. ఆటలో పాయింట్లు తగ్గేకొద్దీ బలవంతుడికి, బలహీనుడికి మధ్య తేడా కూడా తగ్గుతుంది. అయోవా స్టేట్ చేతిలో కాన్సస్ 39-37తో ఓడిపోయింది. హెన్రీ ఐబా శిక్షణలోని ఓక్లహోమా ఎ అండ్ ఎం జట్టు చివరి మూడున్నర నిమిషాలు బంతిని అట్టిపెట్టుకుని 56-54తో గెలిచింది. ఈ రెండు ఆటలు తప్ప, జాతీయ అంతిమ పోటీ వరకు కాన్సస్ మరే ఆటా ఓడలేదు.

1957 జాతీయ అంతిమ పోటీ

23 జట్లు పాల్గొన్న 1957 ఎన్‌సీఏఏ పోటీలలో కాన్సస్ ప్రాంతీయ పోటీలు డల్లాస్‌లో జరిగాయి. జాతివివక్ష కారణంగా జట్టు ఆ నగరానికి వెలుపల బస చేయవలసి వచ్చింది. ప్రేక్షకుల దూషణల మధ్య కాన్సస్ సదరన్ మెథడిస్ట్‌ను అదనపు సమయంలోను, తరువాత ఓక్లహోమా సిటీని ఓడించింది. సెమీఫైనల్లో, అంతకు ముందు వరుసగా రెండేళ్ళు విజేత అయిన శాన్‌ఫ్రాన్సిస్కోపై 80-56తో గెలిచింది.

మార్చి 23న కాన్సస్ సిటీ నగరంలో జరిగిన అంతిమ పోటీలో ప్రత్యర్థి నార్త్ కరోలినా. ఆ సీజన్‌లో వారికి ఓటమి లేదు. శిక్షకుడు ఫ్రాంక్ మెగ్వైర్ ఆట ప్రారంభంలో జరిగే జంప్ బాల్‌కు చాంబర్లేన్‌కు ఎదురుగా జట్టులో పొట్టివాడైన టామీ కియర్న్స్‌ను పంపాడు. ఎవరు ఎగిరినా బంతి చాంబర్లేన్‌కే దక్కుతుంది కనుక ఇందులో వారికి నష్టం లేదు. ప్రత్యర్థి మనసును కలవరపరచడమే దీని ఉద్దేశం.

నార్త్ కరోలినా చాంబర్లేన్‌ను ముగ్గురితో చుట్టుముట్టింది. కాన్సస్ మాత్రం లెన్నీ రోజెన్‌బ్లూత్ ఒక్కడికే ప్రత్యేక కాపలా పెట్టి, మిగిలిన నలుగురిని బుట్ట దగ్గర నిలిపింది. దాంతో నార్త్ కరోలినాలోని ఇతర ఆటగాళ్ళు దూరం నుండి సునాయాసంగా పాయింట్లు సాధించి 19-7 ఆధిక్యం సంపాదించారు. విరామానికి స్కోరు 29-22. రెండవ భాగంలో కాన్సస్ పుంజుకుని ముందంజ వేసింది. అప్పుడు హార్ప్ తన జట్టును కూడా బంతిని అట్టిపెట్టుకోమన్నాడు. ఇతరులు తమపై ప్రయోగించిన ఈ ఆయుధం కాన్సస్‌కు అచ్చిరాలేదు. రోజెన్‌బ్లూత్ ఐదు ఫౌళ్ళతో బయటకు వెళ్ళినా నార్త్ కరోలినా స్కోరును 46-46గా సమం చేసింది.

మొదటి అదనపు సమయంలో చెరి రెండు పాయింట్లు మాత్రమే వచ్చాయి. రెండవదానిలో ఒక్క పాయింటూ రాలేదు. మూడవదానిలో కాన్సస్ 53-52 ఆధిక్యంలో ఉండగా, 6 సెకన్లు మిగిలినప్పుడు జో క్విగ్ రెండు ఫ్రీ త్రోలు వేశాడు. చాంబర్లేన్‌కు లోనెస్కీ అందించిన చివరి బంతిని కూడా క్విగ్ అడ్డగించాడు. నార్త్ కరోలినా 54-53తో గెలిచి, 32 ఆటలలో ఓటమి లేకుండా సీజన్ ముగించింది. 23 పాయింట్లు, 14 రీబౌండ్లు సాధించిన చాంబర్లేన్ పోటీలలో అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎంపికయ్యాడు. అయినా పెద్ద పోటీలు గెలవలేనివాడన్న నింద ఆ రాత్రి నుండి చాలాకాలం వెంటాడింది.

కళాశాలను వీడుట

1957-58 సీజన్‌లో చాంబర్లేన్ సగటున ఆటకు 30.1 పాయింట్లు చేశాడు. అతడు అస్వస్థత వలన కొన్ని ఆటలకు దూరమయ్యాడు. కాన్ఫరెన్సు విజేతగా కాన్సస్ స్టేట్ నిలవడంతో కాన్సస్‌కు జాతీయ పోటీలలో చోటు దక్కలేదు. చుట్టుముట్టడాలు, కాలయాపనలతో ఆటలో ఆనందం పోయిందని భావించిన చాంబర్లేన్ ఇంకా ఒక సంవత్సరం మిగిలి ఉండగానే 1958లో విశ్వవిద్యాలయాన్ని వదిలాడు. తన కారణాలను లుక్ పత్రికలో వివరించాడు. తోటి విద్యార్థులు పట్టభద్రులయ్యేవరకు ఎన్‌బీఏలో చేరే వీలులేనందున 1958-59లో హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ జట్టుతో దేశదేశాలు తిరిగాడు.

వృత్తి క్రీడా జీవితం

1959లో ఫిలడెల్ఫియా వారియర్స్ జట్టులో చేరాడు. ఎన్‌బీఏలో 1954 నుండే 24 సెకన్ల నియమం ఉన్నందున అక్కడ ఎవరూ బంతిని దాచుకోలేకపోయారు. 1961-62లో అతడి సగటు 50.4 పాయింట్లు. 1962 మార్చి 2న హెర్షీ పట్టణంలో న్యూయార్క్ నిక్స్‌పై 100 పాయింట్లు సాధించాడు. ఆ సీజన్‌లో వారియర్స్ శిక్షకుడు మరెవరో కాదు, 1957లో అతడిని ఓడించిన ఫ్రాంక్ మెగ్వైరే. 1967లో ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్, 1972లో లాస్ ఏంజలెస్ లేకర్స్ తరఫున ఎన్‌బీఏ ఛాంపియన్‌షిప్ గెలుచుకున్నాడు. మొత్తం 31,419 పాయింట్లు, 23,924 రీబౌండ్లు సాధించాడు.

చివరి రోజులు

ఓటమి జ్ఞాపకం వలన చాంబర్లేన్ చాలాకాలం కాన్సస్‌కు దూరంగా ఉన్నాడు. 1998 జనవరి 17న విశ్వవిద్యాలయం అతడి 13వ నంబరు చొక్కాను గౌరవపూర్వకంగా విరమింపజేసింది. ఆనాడు పాత కాన్సస్ కోటు ధరించి వచ్చిన చాంబర్లేన్, 1957లో అందరినీ నిరాశపరచానన్న బాధను ప్రేక్షకుల ముందు వెల్లడించాడు. వారు అతడిని హర్షధ్వానాలతో ఆదరించారు. మరుసటి సంవత్సరం అక్టోబరు 12న లాస్ ఏంజలెస్‌లోని స్వగృహంలో గుండె వైఫల్యంతో మరణించాడు.

విశేషాలు

* కళాశాల పురుషుల బాస్కెట్‌బాల్‌లో షాట్ క్లాక్ 1985-86లో 45 సెకన్లతో దేశవ్యాప్తంగా అమలులోకి వచ్చింది. 1993-94లో 35 సెకన్లకు, 2015-16లో 30 సెకన్లకు తగ్గింది.
* ఎన్‌బీఏ 1964లో బుట్ట ముందున్న లేన్ వెడల్పును 12 నుండి 16 అడుగులకు పెంచింది. చాంబర్లేన్ ఆధిక్యమే దీనికి ముఖ్య కారణమని భావిస్తారు.
* వృత్తి జీవితంలో 1,045 ఆటలు ఆడినా ఒక్కదానిలోనూ ఫౌళ్ళు మించి బయటకు వెళ్ళలేదు.