లైబ్రరీలో దొరికిన పట్టు

పోయిన సెమిస్టర్ మిడ్ ఎగ్జామ్స్ అయిపోయాక నాకు జూడో పిచ్చి పట్టింది. కోచ్ లేడు, మ్యాట్ లేదు, ఫోన్ మాత్రం ఉంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మోకాలి గాయంతోనే గోల్డ్ గెలిచిన తొషిహికో కోగా వీడియోలు పెట్టుకున్నాను. ఎదుటివాడిని వీపు మీదకి తీసుకుని ముందుకి విసిరేస్తాడు. దాని పేరు ఇప్పోన్ సెయొయి నగె. స్పీడ్ పావుకి తగ్గించి, పాజ్ చేసి, పాదం ఎటు తిరుగుతోందో నోట్స్ కూడా రాసుకున్నాను.

తర్వాత హాస్టల్ రూమ్‌లో రెండు పరుపులు కింద పరిచి మా రూమ్మేట్‌ని విసిరాను. త్రో బాగానే వచ్చింది. కానీ వాడు పడేటప్పుడు భయపడి చెయ్యి కింద ఆనించాడు, మణికట్టు వాచిపోయింది. రెండు వారాలు వాడి ల్యాబ్ రికార్డులు నేనే రాశాను. ఆ గిల్ట్‌లోనే, అసలు ఈ ఆట మొదలుపెట్టిన మనిషి ఎలా నేర్చుకున్నాడా అని వెతికాను. ఆయన పేరు జిగొరో కనో.

కనో 1860లో జపాన్‌లోని మికగె అనే ఊళ్ళో పుట్టాడు. ఇప్పుడది కోబె నగరంలో కలిసిపోయింది. చిన్నప్పుడే తల్లి పోయింది, తర్వాత తండ్రి టోక్యో తీసుకెళ్ళాడు. అక్కడ చేరిన స్కూల్లో యూరప్ టీచర్లు, పాఠాలు ఇంగ్లీషులో, జర్మన్‌లో. మన ఇంగ్లీష్ మీడియం బాధలు ఆయనకీ తెలుసన్నమాట! చదువులో ఫస్ట్, కానీ మనిషి పొట్టి, సన్నం. బలంగా ఉన్న పిల్లలు ఏడిపించేవాళ్ళు, కొట్టేవాళ్ళు. చిన్నవాడు కూడా పెద్దవాడిని పడగొట్టగలిగే విద్య జుజుత్సు అని విని, అది నేర్చుకోవాలనుకున్నాడు.

అప్పటికి జపాన్‌లో సమురాయ్‌ల కాలం అయిపోయింది. పాత విద్యలకి గిరాకీ లేక, జుజుత్సు గురువుల్లో చాలామంది విరిగిన ఎముకలు కట్టుకుని బతికేవాళ్ళు. కనో అలాంటి వైద్యుల్ని వెతుక్కుంటూ వెళ్ళి, 1877లో ఫుకుదా అనే గురువు దగ్గర చేరాడు. ఒక త్రో ఎలా వేశారో చెప్పమని అడిగితే ఫుకుదా వివరించేవాడు కాదు. మళ్ళీ లేపి మళ్ళీ విసిరేవాడు. అర్థమయ్యేదాకా అంతే! అక్కడ పాజ్ బటన్ లేదు.

అదే చోట ఫుకుషిమా అనే భారీ మనిషి ఉండేవాడు. కనో వాడి చేతిలో మళ్ళీ మళ్ళీ ఓడిపోయాడు. సుమో తెలిసినవాళ్ళని అడిగి కొన్ని పట్లు ట్రై చేశాడు, పని చేయలేదు. అప్పుడు లైబ్రరీకి వెళ్ళి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేశాడు. అందులో ఒక పట్టు దొరికింది. ఎదుటివాడి కిందకి దూరి, భుజాల మీద అడ్డంగా ఎత్తుకుని పడేయడం. ఈ వీడియో చూపిస్తే మా రూమ్మేట్ నవ్వాడు. వాడిది గుడివాడ దగ్గర పల్లెటూరు. కోతల టైమ్‌లో హమాలీలు ధాన్యం బస్తా ఎత్తుకునేది ఇలాగే కదరా అన్నాడు. నిజమే. బస్తాని చేతులతో లాగరు, దాని కిందకి వెళ్ళి నడుము, కాళ్ళతో లేస్తారు.

కనో పుస్తకం మూసేసి నేరుగా ఫుకుషిమా మీదకి వెళ్ళలేదు. ముందు స్నేహితులతో ప్రాక్టీస్ చేశాడు. కుదిరిందని నమ్మకం వచ్చాకే ఫుకుషిమాని ఎత్తి పడేశాడు. ఆ పట్టునే తర్వాత కతా గురుమా అన్నారు, అంటే భుజాల చక్రం. నేను స్కిప్ చేసింది సరిగ్గా ఈ మధ్య స్టెప్పే.

ఫుకుదా 1879లో చనిపోయాడు, ఆయన తర్వాత పట్టుకున్న గురువు 1881లో. మూడో గురువు ఇకుబో. 1882లో, ఇరవై ఒక్క ఏళ్ళకి, టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధ గుడిలో పన్నెండు చాపల చోటులో కనో సొంత స్కూల్ పెట్టాడు. అదే కొడొకన్. ఇకుబో అక్కడికీ వచ్చి నేర్పేవాడు. కొన్నేళ్ళకి ఒకరోజు కనో ఆయన్ని వరసగా పడగొట్టాడు, తను మాత్రం పడలేదు. విసిరే ముందే ఎదుటివాడి బ్యాలెన్స్ తప్పించాలని అప్పటికి ఆయనకి తెలిసిపోయింది. దాన్నే కుజుషి అంటారు. ఇక నేర్పడానికి తన దగ్గర ఏమీ లేదని ఆ గురువే ఒప్పుకున్నాడు. నేను కోగా పాదాలు చూశాను కానీ, ఆయన చేతులు అవతలివాడిని ముందే ముందుకి తూలేలా చేయడం చూడలేదు. రూమ్మేట్ నిలబడి ఉంటే బలంతో లాగాను, అంతే.

కనో ప్రమాదకరమైన పట్లని ఫ్రీ ప్రాక్టీస్ నుంచి తీసేశాడు, ఎలా పడాలో నేర్పడం తన పద్ధతిలో భాగం చేశాడు. అది ఉకెమి. జీవితమంతా టీచరే. టోక్యోలో ఉపాధ్యాయుల్ని తయారుచేసే కాలేజీకి ఇరవై ఏళ్ళకి పైగా ప్రిన్సిపల్. 1909లో ఒలింపిక్ కమిటీలో తొలి ఆసియా సభ్యుడయ్యాడు. పుస్తకం నుంచి పట్టు తెచ్చిన ఆయన విద్య ప్రపంచానికి మాత్రం మనుషుల ద్వారానే వెళ్ళింది. శిష్యుడు యమషిత అమెరికా వెళ్ళి ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కే నేర్పాడు. 1929లో టాగోర్ పిలుపుతో తకగకి శాంతినికేతన్ వచ్చి మన దేశంలో నేర్పాడు.

1938లో కైరోలో ఒలింపిక్ సమావేశం ముగించుకుని ఇంటికి వస్తూ, మే 4న ఓడలోనే కనో చనిపోయాడు. వయసు 77. జూడో ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1964లో, టోక్యోలో. ఆయన చూడలేదు.

ఇప్పుడు నేనూ మా రూమ్మేట్ విజయవాడలోనే ఒక కోచ్ దగ్గరికి సాయంత్రాలు వెళ్తున్నాం. మొదటి రెండు వారాలు ఒక్క త్రో కూడా లేదు, పడటమే. వెనక్కి, పక్కకి, ముందుకి. వీడియోలు ఇంకా చూస్తున్నాను, కానీ ఇప్పుడు పడేవాడిని కూడా చూస్తున్నాను. వాడి చెయ్యి ఎక్కడ తగులుతోంది, తల ఎలా దాచుకుంటున్నాడు అని. నన్ను విసిరే ఫస్ట్ ఛాన్స్ రూమ్మేట్‌కే ఇస్తానని మాట ఇచ్చాను. వాడు రోజులు లెక్కపెడుతున్నాడు.